సీసా తీసేయండి, నరసింహానికి మొహమాటం చాలు

ప్రశ్న: నమస్కారమండీ. ఈ ఉత్తరం పంపడానికి మూడు నెలలు మొహమాటపడ్డాను. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మొదటిసారి నవల రాస్తున్నాను. మా హీరో నరసింహం సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట బల్ల వేసుకుని కూర్చునే డాక్యుమెంట్ రైటరు. నెమ్మదస్తుడు, ఎవరికీ అపకారం తలపెట్టడు. శేషమ్మ అనే ముసలావిడ ఇంటిని పెద్దకొడుకు ఆవిడకి సరిగా చెప్పకుండా తన పేర రాయించుకుంటాడు. ఆ కాగితం రాసింది నరసింహమే. చివరికి పంచాయితీలో అందరి ముందూ నిలబడి నిజం చెప్పేస్తాడు. చదివిన ఫ్రెండ్స్ "మంచివాడే గానీ బోరు" అన్నారు. లోపాలున్న హీరోలే ఇప్పుడు నడుస్తున్నారు కదా అని తాగుడు అలవాటు పెట్టాను. ఇప్పుడు "తాగుతున్నాడు, అయినా బోరే" అంటున్నారు. మా తమ్ముడేమో "పోలియో కాలు పెట్టక్కా, సానుభూతి వస్తుంది" అంటున్నాడు. పెద్ద రచయితలు రాసిన పిరికివాళ్లు, మోసగాళ్లు మనకి ఎందుకు నచ్చుతారు? నా నరసింహం ఎందుకు నచ్చడు? రెండు అధ్యాయాలు, చివరి పంచాయితీ ఘట్టం జతచేశాను.
ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు:

అమ్మా, ముందు ఆ సీసా తీసేయండి.

మీ మూడో అధ్యాయం, ఏడో అధ్యాయం రెండేసి సార్లు చదివాను. మూడో అధ్యాయంలో నరసింహం రాత్రి ఎనిమిదింటికి తాగుతాడు. ఏడో అధ్యాయంలో శేషమ్మ కాగితం రాసేది పగలు పదకొండింటికి, పూర్తి తెలివిలో. తాగుడు లేకపోయినా ఆ కాగితం అలాగే రాసేవాడు, అదే పెన్నుతో, అదే చేతిరాతతో. కథలో ఏ మలుపునీ తిప్పని అలవాటు పాత్రకి అంటదు. సినిమాలో హీరో మూడ్ బాగోలేదని చెప్పడానికి చేతిలో గ్లాసు పెడతారు చూడండి, అలా పెట్టినట్టుంది. పాఠకుడికి అది ఇట్టే తెలిసిపోతుంది.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక వారపత్రికకి రైల్వే గుమాస్తా కథ పంపాను. మనిషి మరీ చప్పగా ఉన్నాడనిపించి, పేకాట పిచ్చి అంటగట్టాను. కథ తిరిగొచ్చింది. మార్జిన్లో పెన్సిలుతో "పేకాట ఎందుకు?" అని రెండే రెండు మాటలు. ఆ రోజు ఎంత కోపం వచ్చిందో! ఇప్పటికీ ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

ఆట ఎందుకో చెప్పగలిగిన కథ మనకి ఒకటుంది. కాకపోతే అక్కడ పేకముక్కలు లేవు, పాచికలున్నాయి.

మహాభారతంలో ధర్మరాజుని మనం చిన్నప్పటినుంచీ చూస్తున్నాం కాబట్టి ఆయన ఎంత వింత నాయకుడో గమనించం. పేరే ధర్మరాజు, చేసిన పనేమో తమ్ముళ్లనీ భార్యనీ పందెం పెట్టడం. ఇంత పెద్ద తప్పు చేసిన మనిషిని పక్కన పెట్టకుండా కథ చివరిదాకా, స్వర్గం గుమ్మందాకా, ఆయన వెనకే ఎలా నడుస్తాం?

సభాపర్వంలో ఏం జరిగిందో ఒకసారి చూడండి. ధృతరాష్ట్రుడు విదురుణ్ని పంపించి పిలిపించాడు. జూదం కొంపలు ముంచుతుందని కబురు తెచ్చిన విదురుడికి తెలుసు, విన్న ధర్మరాజుకీ తెలుసు. అక్కడ కూర్చునేవాళ్లు మాయాజూదగాళ్లని కూడా ఆయనకి తెలుసు. అయినా బయల్దేరాడు. పెద్దాయన పిలిస్తే రాననకూడదు, ఆటకి రమ్మంటే వెనక్కి తగ్గకూడదు. అవి ఆయన తనకి తాను పెట్టుకున్న నియమాలు. ఏ గుణం చూసి మనం ఆయన్ని ధర్మరాజు అన్నామో, ఆ గుణమే చెయ్యి పట్టుకుని సభకి తీసుకెళ్లింది. అలాగని వ్యసనం లేదని కాదు. కూర్చున్నాక లేవలేని మనిషి. వ్యాసుడి భారతంలో, అరణ్యవాసంలో భీముడు దెప్పిపొడిస్తే, దుర్యోధనుడి రాజ్యం గెలుచుకుందామన్న ఆశ తనకీ ఉండిందని ఒప్పుకుంటాడు కూడా. అంటే నియమం ఉంది, దాని మాటున కొంచెం ఆశ ఉంది. ఏది ఎంతో ఆయనకే తెలియదు. మనకీ తెలియదు. తెలియదు కాబట్టే ఇన్ని వందల ఏళ్లుగా అరుగుల మీద వాదించుకుంటున్నాం.

ఒక్కసారి ఓడితే పొరపాటు అనుకోవచ్చు. ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరాలిచ్చి అంతా తిరిగి ఇచ్చేశాక, ఇంద్రప్రస్థం దారిలో ఉండగా మళ్లీ కబురొచ్చింది. మళ్లీ వెనక్కి తిరిగాడు! నాకు మొదటి ఆటకన్నా ఈ రెండో ఆటే ఎక్కువ భయం వేస్తుంది. మొదటిసారి మోసపోయాడని సరిపెట్టుకున్నా, రెండోసారికి ఏ సాకూ దొరకదు. అక్కడ మనకి కనిపించేది ఆ మనిషి అసలు స్వరూపం.

ఇక ఆ లోపానికి వ్యాసుడు, మన కవిత్రయం వసూలు చేసిన ధర చూడండి. పన్నెండేళ్లు అడవి, ఒక ఏడాది అజ్ఞాతం అన్నది పైకి కనిపించే లెక్క. విరాటరాజు కొలువులో ధర్మరాజు ఏ వేషం వేశాడు? కంకుభట్టు. రాజుతో పాచికలాడే కొలువు! ఏ పాచికలు రాజ్యం తీసుకున్నాయో, ఆ పాచికలతోనే పొట్ట పోసుకున్నాడు. అంతకుముందే అడవిలో బృహదశ్వుడనే ముని దగ్గర అక్షహృదయం, అంటే పాచికల మర్మం, నేర్చుకున్నాడు కాబట్టి ఇప్పుడు ఆటలో ఆయనకి తిరుగులేదు. లోపం పోలేదు, పనికొచ్చే విద్య అయి కూర్చుంది. ఇంకా ముందుకి వెళ్తే, ఉత్తరుడు కౌరవుల్ని గెలిచాడని రాజు మురిసిపోతుంటే, బృహన్నల సారథిగా ఉంటే గెలవకేం అన్నాడని కంకుభట్టుని విరాటుడు పాచికతో మొహం మీద కొడతాడు. ముక్కు నుంచి రక్తం. ఆ రక్తాన్ని నేల మీద పడకుండా పాత్రలో పట్టింది ఎవరు? ద్రౌపది. ఏ పాచికల వల్ల ఆవిణ్ని సభకి ఈడ్చుకొచ్చారో, ఆ పాచిక దెబ్బకి కారిన రక్తాన్ని ఆవిడే పట్టింది. ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ పుస్తకం కాసేపు మూసేస్తాను.

యుద్ధంలో ద్రోణుడి ముందు "అశ్వత్థామ హతః" అని గట్టిగా అని, "కుంజరః", అంటే ఏనుగు, అని గొణిగిన సంగతి మీకు తెలిసిందే. అప్పటిదాకా నేలకి నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన రథం, అశ్వత్థామ చచ్చాడన్న ఆ అరమాటతో నేలకి దిగిపోయింది. దిగింది నాలుగు వేళ్లే. కానీ ఆ నాలుగు వేళ్లు కవి కొలిచాడు. స్వర్గారోహణలో ఆయనకి కాసేపు నరకం చూపించింది కూడా ఈ అబద్ధం ఖాతాలోనే. యుద్ధం అయిపోయింది, రాజ్యం వచ్చింది, పోయింది, అందరూ పోయారు, అయినా ఆ బాకీ మాఫీ కాలేదు.

మీ నరసింహానికి కావలసింది ఇలాంటి కవి. మీరు అతన్ని మరీ ముద్దు చేస్తున్నారు.

ఇంకో సంగతి, నా దృష్టిలో చాలా ముఖ్యమైనది. ధర్మరాజు మీద మనకన్నా ముందు కోపం తెచ్చుకున్నవాళ్లు కథలోనే ఉన్నారు. "సహదేవా, నిప్పు తీసుకురా, ఈ చేతులు కాల్చేస్తాను" అంటాడు భీముడు, నిండు సభలో, సొంత అన్నని చూపించి. తనని ఓడాక నన్ను ఓడాడా, నన్ను ఓడాక తనని ఓడాడా అని ద్రౌపది కబురు పంపి అడిగిస్తుంది. భీష్ముడంతటివాడు తడబడ్డాడు ఆ ప్రశ్నకి. కథలో ఇంత గట్టిగా నిలదీసేవాళ్లు ఉన్నప్పుడు పాఠకుడికి ఆ పని తప్పుతుంది. అతను మెల్లగా అటు వైపు జరిగి, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు అనడం మొదలుపెడతాడు. మీ నవలలో అందరూ నరసింహాన్ని దేవుడంటారు. భార్య అంటుంది, టీ కొట్టు అబ్బాయి అంటాడు, ఆఖరికి సబ్ రిజిస్ట్రారు కూడా అంటాడు. ఇక నిలదీయాల్సిన పని ఎవరి మీద పడింది? మీ ఫ్రెండ్స్ మీద. వాళ్లు "బోరు" అని సరిపెట్టారు, మర్యాదస్తులు.

మోసగాళ్లు ఎందుకు నచ్చుతారని అడిగారు. కన్యాశుల్కంలో గిరీశం సంగతి చూద్దాం. 1892లో విజయనగరంలో మొదట ఆడినప్పటినుంచి ఇప్పటిదాకా తెలుగువాళ్ల నాలుక మీద ఉన్నవాడు. అతను రంగం మీదకి రావడమే అప్పుల లెక్కతో వస్తాడు. పూటకూళ్లమ్మకి సామాను కొనిపెడతానని డబ్బు పట్టుకెళ్లి ఎలా తగలేశాడో మనకి తనే చెబుతాడు. నాటకంలో అందరికీ అబద్ధాలు చెప్పే మనిషి, ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం మనకి నిజం చెబుతాడు. అంతే, మనం అతని పార్టీ అయిపోయాం. తర్వాత అతను వెంకటేశాన్ని బుట్టలో వేస్తుంటే, అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో చేరుతుంటే, దొరికిపోతాడేమోనని మనకే టెన్షన్. గురజాడ గొప్పతనం ఏమిటంటే, ఆ ముచ్చట చూసి అతన్ని వదిలెయ్యలేదు. చివర్లో సౌజన్యారావు పంతులు ముందు బండారం బయటపడి, కథ అడ్డం తిరిగిందని గిరీశమే ఒప్పుకుని పోవలసొచ్చింది.

నరసింహం మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు కూడా మనకి ఏమీ చెప్పడు. రాత్రి డాబా మీద కూర్చుని నక్షత్రాలు చూస్తాడు. నక్షత్రాలు వద్దండీ. శేషమ్మ కొడుకు ఇచ్చిన డబ్బు జేబులో ఎంతుందో చెప్పించండి.

పిరికివాళ్ల గురించి అడిగారు కదా, రావిశాస్త్రి అల్పజీవి చదవకపోయుంటే ఈ వారమే చదవండి. విశాఖపట్నంలో సుబ్బయ్య అనే చిరుద్యోగి. నలుగురిలో నోరు పెగలదు. ఇలాంటివాడితో నవలంతా ఎలా నడుస్తుందని అనుమానం వస్తుంది. రచయిత మనల్ని సుబ్బయ్య బుర్రలో కూర్చోబెడతాడు. అక్కడ ఒక్క నిమిషం ఖాళీ లేదు. ఎవరేమనుకుంటున్నారో, ఏం జరగబోతోందో, ఎలా తప్పించుకోవాలో అని లెక్కలే లెక్కలు. బయట కదలని మనిషి లోపల పరుగెడుతుంటాడు. పిరికితనాన్ని బయటనుంచి చూపిస్తే చిరాకు, లోపలనుంచి చూపిస్తే ఊపిరాడదు.

గోపీచంద్ అసమర్థుని జీవయాత్రలో సీతారామారావు దారి వేరు. అతని పతనం మొదలయ్యింది మంచిపనులతోనే. వంశప్రతిష్ఠ నిలబెట్టాలని ఆస్తి పోయేదాకా పెట్టాడు. పెట్టడం గొప్ప గుణమే. ఆ గుణం ఎక్కడ తిరగబడి మనిషిని, ఇల్లాలిని, పిల్లని తినేసిందో గీత గీసి చూపించలేం. మీకు దగ్గరి పుస్తకం ఇదే అనిపిస్తోంది, ఎందుకో కింద చెబుతాను.

ఈలోగా మీ తమ్ముడి సలహా. మీ తమ్ముణ్ని తిట్టను గానీ, ఆ కాలు మాత్రం వద్దు. పోలియో ఎవరి తప్పూ కాదు. తాగుడుకి బదులుగా దాన్ని పెట్టడమంటే రెండూ ఒకటే అన్నట్టవుతుంది, అలాంటి కాలుతో బతుకుతున్నవాళ్లు చదివితే ఏమనుకుంటారు? సానుభూతి తేలిగ్గా వస్తుంది, వచ్చినంత తేలిగ్గానూ పోతుంది. నిజంగా అతన్ని కుంటివాడిగా ఊహించుకుని ఉంటే, ఆ కాలు కథలో ఏం చేస్తుందో ముందు తేల్చుకోండి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మేడ మీద ఉందనుకోండి, మెట్లెక్కడం కష్టమని కాగితాలు కుర్రాడిచేత పైకి పంపిస్తాడు. అందుకని శేషమ్మ వేలిముద్ర వేసేటప్పుడు పైన ఎవరేమన్నారో, ఆవిడేమందో నరసింహం చూడలేదు. చూడకపోవడం వీలుగా కూడా ఉంది అతనికి. అలా వస్తే ఆ కాలుకి కథలో చోటుంది. జాలి కోసం మాత్రం పెట్టకండి.

పరిమితి అన్నది ఎప్పుడూ ఏడుపే కానక్కర్లేదు, అది వేరే సంగతి. మొక్కపాటివారి బారిష్టరు పార్వతీశానికి లోకజ్ఞానమే తక్కువ. మొగల్తూరునుంచి బారిష్టరు చదువుకి ఇంగ్లండు బయల్దేరి దారిలో ఆడవాళ్ల టోపీ కొనుక్కున్న మహానుభావుడు. తెలియనిది కొండంత, అయినా అడుగు వెనక్కి వెయ్యడు. 1924లో వచ్చిన పుస్తకం, మీ జిల్లావాడే కూడా. నరసింహానికి కాస్త నవ్వు కావాలంటే ఆ పక్కకీ ఓ చూపు వెయ్యండి.

ఇప్పుడు అసలు విషయం. నరసింహానికి మీరు కొత్తగా లోపం వెతకనక్కర్లేదు. మీరు ఎప్పుడో రాసేశారు, చూసుకోలేదు. మూడో అధ్యాయంలో రిటైర్డు మాస్టారు ఈసీ, అంటే ఆస్తి మీద లావాదేవీలు చూపే సర్టిఫికెట్, తీయించుకుని ఫీజు ఇవ్వకుండా వెళ్లిపోతే నరసింహం అడగడు. అదే రోజు వియ్యంకుడు స్కూటర్ అరువడిగితే, తనకి పనున్నా ఇచ్చేసి నడిచి ఇంటికొస్తాడు. మీరు అవి అతని మంచితనానికి సాక్ష్యంగా రాశారు. నాకైతే మొహమాటం కనిపించింది. ఎదురుగా ఉన్న మనిషి మొహం చిన్నబుచ్చుకోవడం చూడలేడు. కాదనే మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. మన ఇళ్లల్లో ఈ జబ్బు లేనివాళ్లెవరు? హామీ సంతకాలు ఎందుకు పెట్టామో, చిట్టీల్లో ఎందుకు చేరామో, పెళ్లిచూపుల్లో ఎందుకు తలూపామో ఒక్కసారి గుర్తు చేసుకుంటే చాలు.

ఏడో అధ్యాయంలో శేషమ్మ పెద్దకొడుకు వచ్చినప్పుడు పని చేసింది కూడా ఆ మొహమాటమే. మీ డ్రాఫ్టులో కొడుకు మోసం చేస్తున్న సంగతి నరసింహానికి తెలియదని రాశారు. అక్కడే కథ నీరుగారిపోయింది. తెలియాలి. పూర్తిగా కాకపోయినా, సగం. కొడుకు లింకు డాక్యుమెంట్లు, అంటే ఇంటి పాత దస్తావేజులు, ముందు పెట్టి, గిఫ్ట్ డీడ్ రాయమని, అమ్మకి చెప్పానని అంటాడు. శేషమ్మ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, "పెన్షను కాగితమే కదా నాయనా?" అంటుంది. ఆ ప్రశ్నకి నరసింహం జవాబు చెప్పాలి. ఆ కొడుకు నరసింహానికి చిన్నప్పటి క్లాస్‌మేటు, అతని కూతురి పెళ్లికి చేబదులిచ్చినవాడు, ఎదురుగా నవ్వుతూ నిలబడ్డాడు. నరసింహం ఏమంటాడు? నేనైతే "చల్లగా ఏమైనా తాగుతావా పిన్నీ?" అనిపిస్తాను. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. తర్వాత తలొంచుకుని ఇంటి హద్దులు రాస్తాడు, తూర్పు వీధి, దక్షిణం ఫలానావారి గోడ అంటూ, ఎప్పటికన్నా శుభ్రమైన చేతిరాతతో.

అప్పుడు మాస్టారి దగ్గర ఫీజు అడగని మంచివాడూ, శేషమ్మకి జవాబు చెప్పని దోషీ ఒక్కడే అవుతాడు. సీతారామారావు పుస్తకం మీకు దగ్గరిదన్నది అందుకే. మూడో అధ్యాయంలో అతన్ని చూసి ముచ్చటపడ్డ పాఠకుడు ఏడో అధ్యాయంలో ఇరుక్కుపోతాడు.

నరసింహాన్ని నిలదీయడానికి కథలోనే ఒక భీముడు కావాలి. భార్య అయితే బాగుంటుంది, లేదా టైపు చేసే కుర్రాడు. కుర్రాడికే నా ఓటు, ఎందుకంటే అతను ఆ బల్ల దగ్గరే ఉన్నాడు, శేషమ్మ అడిగింది విన్నాడు. సాయంత్రం కంప్యూటర్ కట్టేస్తూ "ఆవిడ అడిగింది మీకు వినపడలేదా సార్?" అంటే చాలు. రెండు పేజీల తిట్లు అక్కర్లేదు.

ఇక పంచాయితీలో ఉపన్యాసం. అది మీకు చాలా ఇష్టమైన భాగమని తెలుస్తూనే ఉంది, చేతిరాత కూడా మారింది అక్కడ. అయినా తీసేయాలి. ముప్పై ఏళ్లు కాదనలేని మనిషి ఒక్క సాయంత్రం నలభైమంది ముందు గొంతెత్తి పేజీన్నర మాట్లాడడు. కంకుభట్టు సంగతి గుర్తు చేసుకోండి, ఉన్న గుణమే వేషం మార్చుకుని పనిచేసింది. నరసింహం కూడా కొడుకు మొహం మీద నిజం చెప్పలేకపోవచ్చు గానీ, శేషమ్మ ఇంటికెళ్తే ఆవిడ మొహం చూసి అబద్ధమూ చెప్పలేడు. అతన్ని ఆ ఇంటికి పంపించండి. కాఫీ ఇస్తుంది. మళ్లీ అదే ప్రశ్న అడుగుతుంది, ఈసారి కొడుకు పక్కన లేడు. ఏం జరుగుతుందో నాకూ తెలియదు. తను రాసిన కాగితం తప్పని కోర్టులో సాక్ష్యం చెప్పాల్సొస్తే బల్ల పోతుంది, ఊళ్లో పరువు పోతుంది, కూతురి పెళ్లి నాటి చేబదులు రేపే తీర్చాల్సొస్తుంది. ఆ ఖర్చంతా లెక్క కట్టి అతని చేతిలో పెట్టండి, తగ్గించకండి.

సీసా తీసేశాక మూడో అధ్యాయంలో ఒక ఖాళీ వస్తుంది, రాత్రి ఎనిమిది గంటల దగ్గర. అక్కడ స్కూటర్ ఇచ్చేసి నడిచొచ్చిన మనిషి కాళ్లు కడుక్కుంటూ వియ్యంకుణ్ని మనసులో ఏమని తిట్టుకున్నాడో రాయండి. పైకి ఒక్క మాట అనని మనిషి లోపల ఎంత తిడతాడో మీకు నేను చెప్పాలా, మూడు నెలలు ఉత్తరం దాచుకున్నారు!

ఏడో అధ్యాయం మళ్లీ రాసి పంపండి. ఈసారి మూడు నెలలు ఆగకండి.